తాడు అవతల సుమయ్య

కైకలూరు,
నవంబరు 4

సకీనా వదినకు లిడియా రాసేది,

నీ కడుపున పుట్టిన పిల్ల గుర్రాన్ని ఉరికిస్తుంటే నువ్వు ఒక్కసారైనా కళ్ళారా చూశావా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. ఆ గుర్రాల బడి వంటశాలలో ఇన్నేళ్ళుగా రొట్టెలు కాలుస్తున్నావు. నీ కిటికీ అవతలే ఆ పిల్ల నేర్చుకుంది, పడింది, లేచింది. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చూసి ఉంటారు. తల్లివి, నువ్వు చూశావా?

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. చేశాను కదమ్మా. గుర్రం అనే మాట నా నోట్లోంచి రాగానే నీకు సిగ్నల్ పోతుంది. అందుకని ఉత్తరం. అపొస్తలుడు చెరసాలలో కూర్చుని, సంకెళ్ళు వేసిన చేతులతో సంఘాలకి ఉత్తరాలు రాశాడు. నాకు ఐసు కొట్టులో కుర్చీ ఉంది, నెత్తిన ఫ్యాను ఉంది, నాకేం వచ్చింది. ఉత్తరాన్ని నువ్వు మధ్యలో కట్ చెయ్యలేవు.

సంగతేమిటంటే, గణపవరం అవతల బంగార్రాజు గారు తన చేపల చెరువులు కొన్ని ఎండగట్టి గుర్రాల మైదానం చేశారు. వచ్చే నెల అక్కడ పోటీ. మామూలు పరుగుపందెం కాదట. గుర్రమూ మనిషీ కలిసి పొలాల మీదుగా, గట్ల మీదుగా, కాలవలు దాటుకుంటూ, దారిలో కట్టిన అడ్డంకులన్నీ దూకుతూ పోవాలట. క్రాస్ కంట్రీ అంటున్నారు. సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఐసుకి వచ్చిన సుబ్బాయమ్మ అది చదివి, "ఏవండీ లిడియమ్మగారూ, మన ఏలూరు పిల్ల ఎవరో ఉందండీ" అంది. వెళ్ళి చూశాను. సుమయ్య షాహిద్, ఏలూరు అని ఉంది. బెంగళూరని రాయించుకోలేదు, వదినా. రెండు జడలతో ఊరు దాటిన పిల్ల ఈనాటికీ ఏలూరనే రాయించుకుంటోంది. దాని కింద నిలబడి ఏడ్చాను. వెనకాల లారీ వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను కదల్లేదు.

నువ్వు రా. షాహిద్ అన్నయ్య పోయిన దగ్గర్నించి నువ్వు ఈ నేల తొక్కలేదు. ఏలూరులో మన రెండిళ్ళ మధ్య గోడ అలాగే ఉంది. దాని మీద కూర్చుని జామకాయలు తిన్న ఇద్దరమే లేము. రైలు దిగేసరికి స్టేషన్లో ఉంటాను. బిడ్డ పరుగు చూడు, తరవాత నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

నీ
లిడియా


బెంగళూరు,
నవంబరు 15

లిడియా వదినకు సలాం.

నీ ఉత్తరం తలుపు వేసుకుని చదివాను, నీ గొంతు బయటికి వినబడుతుందేమోనని. ఐసు మిషను పక్కన అన్నేళ్ళు మాట్లాడీ మాట్లాడీ నీ రాత కూడా అరుపులాగే తయారయింది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. చూడలేదు. అటు డెక్కల చప్పుడు మొదలవగానే ఇటు నేను గ్రైండరు వేసుకుంటాను. అందులో పప్పు లేకపోయినా వేసుకుంటాను. సుమయ్యకి తెలుసు. అది నన్ను ఎప్పుడూ రమ్మనలేదు. సాయంత్రం వచ్చి బూట్లు గుమ్మం అవతల విడిచి, "తిన్నావా అమ్మీ" అంటుంది. ఎలా జరిగిందని నేను అడగను, తను చెప్పదు. నడక చూసి పోల్చుకుంటాను. కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటే ఆ రోజు పడిందని అర్థం. వేణ్ణీళ్ళు పెడతాను. ఇదీ మా తల్లీకూతుళ్ళ సంభాషణ.

తాడేపల్లిగూడెంలో ఆ పెళ్ళి ఊరేగింపు సంగతి నీకు తెలిసిందే. టపాసులకి గుర్రం బెదిరింది, దాన్ని నడిపిస్తున్న మా ఆయన దాని కాళ్ళ కింద పడ్డారు. అందరికీ తెలిసింది అంతే. ఇంక ఆ మాట ఎత్తకు. నేను రాలేను.

కానీ వదినా, చూడాలని ఆశ లేదని అనుకోకు. ఒక్కోసారి రొట్టె పెనం మీద వేసి అలాగే నిలబడిపోతాను. ఇప్పుడు ఏ వంపు తిరుగుతోందో, జడ ఎగురుతోందో, టోపీలోకి దోపుకుందో అని. రొట్టె మాడిపోతుంది. గుర్రాల కుర్రాళ్ళు పాపం మాట్లాడకుండా తినేస్తారు.

నాకోసం నువ్వు వెళ్ళు. నా కళ్ళుగా వెళ్ళు. ఏం చూశావో ఏదీ దాచకుండా రాయి. నేను పంపానని దానికి తెలియనివ్వకు, చూస్తున్నారని తెలిస్తే బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి. అది ఎక్కేది గోధుమరంగు ఆడగుర్రం, గోరింట అని అదే పేరు పెట్టింది. గుర్రం బడి వాళ్ళది. ఈ పోటీ చివరిదాకా పూర్తిచేస్తే గోరింట దాని చేతిలోనే ఉంటుంది. లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తామన్నారట. ఈ మాట దాని స్నేహితురాలు చెబితే తెలిసింది. నాకు తెలుసని దానికి తెలియదు.

సకీనా


కైకలూరు,
డిసెంబరు 16

సకీనా వదినకు,

వెళ్ళాను. చూశాను. రాస్తున్నాను.

పొద్దున్నే మంచు. నెల్సన్ తమ్ముడు ఆటోలో దింపి వెళ్ళాడు. జనం అప్పటికే గట్ల మీద కూర్చుని ఉన్నారు. చెరువుల కాపలావాళ్ళు, మేత బస్తాలు మోసేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, అత్తిలి నుంచి కార్లలో వచ్చిన పెద్దలు. దారి పొడుగునా తాడు కట్టారు. మనం తాడు ఇవతల, గుర్రాలు అవతల. ఒక్కో అడ్డంకికి కుడివైపు ఎర్రజెండా, ఎడమవైపు తెల్లజెండా, వాటి మధ్య నుంచే దూకాలి.

అడ్డంకులన్నీ మన కొల్లేటి సామానే, వదినా. ఒకచోట తాటి దోనె బోర్లించారు. ఇంకోచోట జమ్ము కట్టలు నిలబెట్టి కంచె కట్టారు. వరిగడ్డి మోపులు, కాలవ మీద అడ్డంగా దుంగ. చేపలు పట్టుకుని బతికే ఊరు గుర్రం దూకడానికి కూడా దోనే ఇచ్చింది.

కాపలా అప్పారావు నా పక్కనే ఉన్నాడు. ఆయనకి ఒకటే సందేహం. "పక్కన అంత ఖాళీ ఉంచుకుని దీని మీద నుంచే ఎందుకండీ దూకడం?" పక్క దారి ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది అప్పారావూ, అందుకే అందులో అంతమంది పోతారు అన్నాను. ఇక్కడ కూడా బైబిలు వాక్యమేనా అమ్మా అని నవ్వారందరూ. జమ్ము కంచె దగ్గర ఒక గుర్రం ససేమిరా అని ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. బిలాము గాడిద కూడా ఇలాగే ఆగింది, దానికి దేవదూత కనిపించాడు, కొట్టినవాడికే కనిపించలేదు, నోళ్ళు ముయ్యండి అన్నాను. మూశారు.

ఈ ఆట చూడటం ఎలా ఉంటుందో చెబుతాను. ఏమీ కనబడదు. అదే ఎక్కువసేపు. సుబాబుల్ తోపు వెనక ఎక్కడో ఈల మోగుతుంది. అందరూ తాడు దగ్గరికి జరుగుతారు. మాటలు ఆగిపోతాయి. మొదట కాళ్ళకి తెలుస్తుంది, గట్టు సన్నగా అదురుతుంది. తరవాత చెవికి. తరవాత గుర్రం ఊపిరి, కొలిమి తిత్తి లాగ. అప్పుడు చెట్ల లోంచి ఒక్కసారిగా వస్తుంది, లేస్తుంది, దిగుతుంది, పోతుంది. మట్టిపెళ్ళలు మన చీర మీద పడేసరికి అది తరవాతి గట్టు దాటేసింది. మళ్ళీ ఖాళీ. దాని కోసం అంతసేపు నిలబడ్డామా అనిపిస్తుంది, మళ్ళీ నిలబడాలనిపిస్తుంది. యోబుకి దేవుడు గుర్రం గురించి చెబుతూ అది భయాన్ని చూసి నవ్వుతుందంటాడు. ఎన్నిసార్లు ప్రసంగం చేశానో దాని మీద. నాకేమీ తెలియదని నిన్న తెలిసింది.

సుమయ్య దోనె దగ్గరికి వచ్చింది. జడ టోపీలోకి దోపుకుంది, నీకు అది కావాలి కదా. గోరింట చెవులు ముందుకి పెట్టింది. పిల్ల దానితో ఏదో చెబుతూ వస్తోంది, తెలుగో ఉర్దూనో తెలియలేదు, బిడ్డని బడికి తీసుకెళ్ళేటప్పుడు చెప్పే మాటల్లాగ ఉన్నాయి. దోనె మీద నుంచి చీర మడత విప్పినట్టు లేచారు ఇద్దరూ. అప్పారావు టోపీ తీసేశాడు. "ఎవరి పిల్లండీ" అని అడిగాడు. మా ఏలూరు పిల్ల అన్నాను.

పోటీ పూర్తి కాలేదు, వదినా. నీళ్ళ అడ్డంకి దగ్గర ఏదో నిబంధన విషయంలో పేచీ వచ్చి పక్కకి తీసేశారు. పిల్ల క్షేమం, గుర్రం క్షేమం. ఆ నిబంధనలు నాకేం తెలుస్తాయి.

ప్రార్థిస్తున్నాను.

లిడియా


బెంగళూరు,
డిసెంబరు 27

వదినా,

సుమయ్య వచ్చింది. ఈసారి రెండు భుజాలూ జారి ఉన్నాయి. వేణ్ణీళ్ళు పెట్టాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, తనంతట తనే చెప్పింది.

నీళ్ళలో దిగడానికి తూము పక్క నుంచి దగ్గరి దారి ఉందట. అటే వస్తోందట. తాడు అవతల నుంచి ఒకావిడ, "అమ్మాయ్, తూము పక్కకి రాకు, దిగబడిపోతావు, కుడికి తిప్పు" అని కేకేసిందట. మైకు పెట్టినట్టు వినిపించిందట. అది కళ్ళెం తిప్పేసిందట. బయటి మనిషి దారి చెబితే, దాన్ని బట్టి తిరిగితే, ఈ పోటీలో తీసేస్తారట. తీసేశారు.

ఎందుకు తిప్పావే, నీకు అక్కడ ఎవరు తెలుసని అని అడిగాను. "తెలియదు అమ్మీ. మనింట్లో మాట్లాడినట్టు వినిపించింది. ఇక్కడ అలా ఎవరూ పిలవరు" అంది.

ఆ గొంతు ఎవరిదో నేను దానికి చెప్పలేదు. కళ్ళుగా వెళ్ళమంటే నోరుగా వెళ్ళావు. వెళ్ళినదానివి, నిబంధనలు నాకేం తెలుస్తాయని నాకు రాశావు. నీ ఉత్తరం ఆ వాక్యం దాకా ఎన్నిసార్లు చదువుకున్నానో నీకు తెలియదు. ఆ వాక్యం దగ్గర ఆపేసి మళ్ళీ మొదటికి వెళ్ళేదాన్ని.

గోరింటని వెంటనే తీసుకోలేదు. ఫిబ్రవరిలో ఇక్కడే, మా మైదానంలోనే ఇంకో పోటీ ఉంది. అదే చివరి అవకాశం. నా వంటశాల గోడ పక్క నుంచే దారి.

కోపం తగ్గలేదు. అయినా ఒకటి అడుగుతున్నాను. నీళ్ళ దగ్గరికి వచ్చేటప్పుడు దాని ముఖం ఎలా ఉంది? అది రాయలేదు నువ్వు.

సకీనా


కైకలూరు,
జనవరి 8

సకీనా,

నేనే. దాచాను. క్షమించమని అడిగే ముందు జరిగింది విను.

చేపలు పట్టడానికి చెరువు నీళ్ళు తీసినప్పుడు బురదంతా తూము దగ్గరికే చేరుతుంది. నడుం లోతు దిగబడిన మనుషుల్ని తాళ్ళు వేసి లాగడం చూస్తూ పెరిగినదాన్ని. నీళ్ళ కింద ఏముందో బెంగళూరు నుంచి వచ్చిన పిల్లకి ఎలా తెలుస్తుంది? అందుకని అరిచాను. ఆ మర్నాడు అప్పారావు నన్ను అక్కడికే తీసుకెళ్ళి, దిగండమ్మా అన్నాడు. చీర ఎత్తి కట్టుకుని దిగాను. మోకాలి లోతు. అడుగున గట్టిగా రోడ్డు. బురదంతా తోడేసి కంకర పోసి, ఇసక వేసి దిమ్మిస కొట్టారట. నేను తప్పించాననుకున్న ప్రమాదం అక్కడ లేనే లేదు. బంగార్రాజు గారి దగ్గరికి వెళ్ళి, తప్పు నాది, పిల్లది కాదు అని చెప్పాను. తీర్పు తీర్పే అన్నారు.

ఇప్పుడు నువ్వడిగింది. దాని ముఖం ఎలా ఉంది? నాకు తెలియదు వదినా. నేను నీళ్ళ వైపు చూస్తున్నాను. ఎక్కడ మునుగుతుందా అని తూము వైపే చూస్తున్నాను. చావు ఎక్కడుందా అని వెతుకుతూ ఉంటే బతికి పరిగెత్తుతున్న పిల్ల నా ముందు నుంచే వెళ్ళిపోయింది. నేను చూడలేదు. నిన్ను దెప్పడానికి ఏ ముఖం పెట్టుకుని మొదటి ఉత్తరం రాశానో.

అయినా దెప్పుతాను, ఎందుకంటే ఇద్దరిదీ ఒకటే జబ్బు. హాగరు కథ గుర్తుందా? ఎడారిలో నీళ్ళయిపోతే బిడ్డని పొద కింద పెట్టి, వాడి చావు నేను చూడలేనని దూరంగా వెళ్ళి ముఖం తిప్పుకుని కూర్చుంది. దేవుడు ఆమెని ఓదార్చలేదు. లే, వెళ్ళి పిల్లవాడి చెయ్యి పట్టుకో అన్నాడు. అప్పుడు కళ్ళు తెరిచాడు, అప్పుడు బావి కనబడింది. ముఖం తిప్పుకున్నంతసేపూ బావి అక్కడే ఉంది. కిటికీ తెరువు.

లిడియా


బెంగళూరు,
జనవరి 23

వదినా,

హాగరు గురించి నాకు నువ్వు చెబుతున్నావా. ఆమె మా హాజిరా. మా ఇంట్లో చెప్పే కథలో ఆమె కూర్చోలేదు. సఫా కొండ మీదికి, మర్వా కొండ మీదికి పరిగెత్తింది, నీళ్ళ కోసం, మనుషుల కోసం. అటూ ఇటూ పరిగెత్తుతూనే ఉంది. హజ్‌కి వెళ్ళినవాళ్ళు ఈనాటికీ ఆ నేల మీద అలాగే నడుస్తారు. మీ పుస్తకంలో కూర్చుంటే కూర్చోనీ, మా హాజిరా అమ్మ కూర్చోలేదు.

గొప్పగా రాశానే కానీ, నేను కూర్చునే ఉన్నాను కదా.

నీకూ చెప్పని మాట చెబుతున్నాను. ఆ రోజు టపాసులకి గుర్రం బెదరడం నిజమే. కానీ ఆయన ఎన్ని పెళ్ళిళ్ళలో గుర్రం నడిపారు, ఎన్ని టపాసులు చూశారు? పెళ్ళివారింటి అరుగు మీద నిలబడి నేను చూస్తున్నాను. కొత్త చొక్కా వేసుకున్నారు, నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు. ఇటు తిరిగి నవ్వారు. అప్పుడే పేలింది. కళ్ళెం మీద చెయ్యి ఉంది కానీ కళ్ళు నా మీద ఉన్నాయి. నేను అక్కడ నిలబడకపోతే ఆయన తల తిప్పేవారు కాదు.

ఇప్పుడు అర్థమైందా ఎందుకు చూడనో? నా చూపు మనిషిని తిప్పుతుంది. నీ కేకకి అది కూడా తల తిప్పింది.

నిన్న కిటికీ అరచెయ్యి వెడల్పు తెరిచాను. చప్పుడు విన్నాను. గ్రైండరు వెయ్యలేదు. అంతవరకే చేతనయింది. పోటీ ఫిబ్రవరి రెండో ఆదివారం. దువా చెయ్యి.

సకీనా


బెంగళూరు,
మీ మైదానం, తాడు పక్కన,
ఆదివారం పొద్దున

సకీనా వదినా,

పైన రాసిన ఊరు పేరు సరిగ్గానే చదివావు. ఏలూరులో రైలెక్కి వచ్చేశాను. ఇవాళ మా ప్రార్థన షెడ్డులో నాకు బదులు నెల్సన్ వాక్యం చెబుతాడు. మీ వంటశాలలో గిన్నెలు తోమే ఆవిడ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. నీ గోడకి ఇవతల ఉన్నాను. నేను పిలిస్తే నీకు వినబడుతుంది, కానీ పిలవను. నోటికి కండువా కట్టుకున్నాను. జెండా పట్టుకున్న కుర్రాడు పంటి నొప్పా అండీ అని అడిగాడు, తల ఊపాను.

నీ ఉత్తరం రైల్లో చదువుకుంటూ వచ్చాను. మీ కథ మా కథ కన్నా బాగుంది. ఒప్పుకుంటున్నాను, ఎక్కడా చెప్పకు.

అన్నయ్య నిన్ను చూసి నవ్వాడు. పెళ్ళి గుర్రాన్ని నడిపే మనిషి నలుగురినీ చూడాలి, నలుగురూ తనని చూడాలి, ఆ పని అలాంటిది. ఈ పని అలాంటిది కాదు. పొద్దుట్నించి ఇక్కడ నిలబడి మిగతా వాళ్ళని చూస్తున్నాను, ఈసారి నీళ్ళని కాదు, ముఖాల్ని. ఒక్కరూ మన వైపు చూడరు. ఒక దుంగ మీద ఉండగానే వాళ్ళ కళ్ళు తరవాతి దుంగ మీద ఉంటాయి. వాళ్ళ అమ్మ, వాళ్ళ నాన్న, ఎవరు నిలబడ్డా వాళ్ళకి చెట్లే. ఇందాక నీ కూతురు దగ్గరికి వెళ్ళి, ఆ కేక నాదేనమ్మా అని చెప్పాను. నన్ను పోల్చుకుంది. "అత్తయ్యా, ఇంక ఎవరు పిలిచినా తిప్పను, మా అమ్మీ పిలిచినా తిప్పను" అంది. ఆ మాట విని నాకు దుఃఖం వచ్చింది, వెంటనే సంతోషం వచ్చింది. నీకు అర్థమైందా వదినా? ఆ పిల్ల నిన్ను చూడదు. నువ్వు ఎంతసేపు చూసినా, ఎంత ఆశగా చూసినా ఆమె తల తిరగదు. నీ చూపుకి భయపడాల్సిన పని లేదు.

పడదని నేను చెప్పను. పడొచ్చు. ప్రవక్తని కాను, ఐసు అమ్ముకునేదాన్ని. పడితే లేపడానికి చెయ్యి ఇవతల ఉండాలా, గోడ అవతల ఉండాలా?

గోరింటకి జీను బిగించారు. మైదానం చివర నడిపిస్తున్నారు. పిల్ల టోపీ పెట్టుకుంటోంది. నా పక్కన తాడు దగ్గర ఒక మనిషి పట్టే చోటు ఉంచాను, ఇద్దరు వచ్చి నిలబడబోతే మోచేత్తో జరిపాను. పొయ్యి ఆపెయ్యి. రొట్టెలు ఇవాళ వాళ్ళే కాల్చుకుంటారు. చేతులు కడుక్కోవద్దు, చెప్పులు వెతుక్కోవద్దు, ఈ కాగితం మడత పెట్టుకోవద్దు. ఈల మోగకముందే తలుపు తీసుకుని పరిగెత్తి రా వదినా, ఇప్పుడే రా.